ఎఫ్రాయిముకు దొరికిన రెండు జవాబులు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. రాజకీయాల్లో అభిప్రాయాలు వేరైనప్పుడు విశ్వాసి ఎలా మాట్లాడాలి అన్నది నాకిచ్చిన అంశం. ఈ అంశం ఇస్తే ఎవరైనా కొలొస్సయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 6వ వచనం తీస్తారు. "మీ సంభాషణ ఉప్పు వేసినట్టు ఎల్లప్పుడు రుచిగలదిగాను కృపాసహితముగాను ఉండనియ్యుడి." మీలో సగం మందికి కంఠతా వచ్చు. అది రానివాళ్లు ఎన్నికలప్పుడు ఎలా మాట్లాడతారో, వచ్చినవాళ్లూ అలాగే మాట్లాడతారు. కాబట్టి ఆ వచనాన్ని కాసేపు పక్కన పెడదాం. మీ బైబిళ్లలో న్యాయాధిపతులు 8వ అధ్యాయం తీయండి.

ఇశ్రాయేలీయుల నాయకుడు గిద్యోను 300 మందితో శత్రువులైన మిద్యానీయుల మీదికి వెళ్లిన కథ సండే స్కూల్ పిల్లలు కూడా చెబుతారు. కుండలు, దివిటీలు, బూరలు. మనం కథ అక్కడితో ఆపేస్తాం. బైబిలు ఆపలేదు. శత్రువుల్ని ఇంకా తరుముతుండగానే ఎఫ్రాయిమీయులు గిద్యోను దగ్గరికి వచ్చి తగాదా పెట్టుకున్నారు. యుద్ధానికి వెళుతూ మమ్మల్ని ఎందుకు పిలవలేదు అని. ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము చిన్నాచితకా గోత్రం కాదు, మోషే తర్వాత ప్రజల్ని నడిపించిన యెహోషువ పుట్టిన గోత్రం. గిద్యోనేమో మనష్షే గోత్రంలో బలం లేని కుటుంబంవాడు. అంటే ఇది పెద్ద గోత్రానికి తగిలిన అవమానం. రాజకీయమే. గెలుపులో మా వాటా ఏది, మా గౌరవం ఏది అన్న గొడవ.

ఇక్కడ గిద్యోను అనగలిగిన మాట ఒకటుంది. ఏడేళ్లపాటు మిద్యానీయులు మన పంటలు నాశనం చేస్తుంటే తమరెక్కడున్నారు? ఆ మాట అని ఉంటే చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. గిద్యోను అది అనలేదు. మిద్యాను అధిపతులు ఓరేబు, జెయేబు ఎవరి చేతికి చిక్కారు? మీ చేతికే కదా. మీరు చేసిన దాని ముందు నేను చేసింది ఏపాటిది అన్నాడు. మూడో వచనం చూడండి, ఆ మాటతో వాళ్ల కోపం తగ్గింది.

దీన్ని ముఖస్తుతి అనుకోకండి. ముందు అధ్యాయం చివర చదివితే ఆ ఇద్దరు అధిపతుల్ని పట్టుకుని చంపింది నిజంగానే ఎఫ్రాయిమీయులు. గిద్యోను అబద్ధం ఆడలేదు. ఎదుటివాళ్ల గురించి చెప్పడానికి తన దగ్గరున్న నిజాల్లో ఏది ముందు చెప్పాలో ఎంచుకున్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేను చెప్పదలచుకున్నదంతా దీనిమీదే నిలబడుతుంది.

ఇప్పుడు నాలుగు అధ్యాయాలు ముందుకు వెళ్లి 12 తీయండి. మళ్లీ అదే ఎఫ్రాయిము, అదే ఫిర్యాదు. ఈసారి ఎదురుగా ఉన్నది గిలాదువాళ్ల నాయకుడు యెఫ్తా. అమ్మోనీయులతో యుద్ధానికి మమ్మల్ని ఎందుకు పిలవలేదు, నిన్నూ నీ ఇంటినీ కలిపి కాల్చేస్తాం అన్నారు. ఈసారి వాళ్ల నోరు కూడా హద్దు దాటింది, తప్పంతా యెఫ్తా మీదే వేయకూడదు. నేను పిలిచాను, మీరు రాలేదు, ప్రాణానికి తెగించి వెళ్లాను, ఇప్పుడు నాతో యుద్ధానికి ఎందుకొచ్చారు అన్నాడు యెఫ్తా. అతడు చెప్పింది అబద్ధమని కూడా వాక్యం ఎక్కడా అనలేదు. ఆపైన ఎఫ్రాయిమువాళ్లు గిలాదువాళ్లను మీరు మా దగ్గర్నుంచి పారిపోయి వచ్చినవాళ్లు అని ఎగతాళి చేశారట. ఇక కత్తులు లేచాయి. గిలాదువాళ్లు యొర్దాను రేవుల దగ్గర కాపలా పెట్టి, వచ్చిన ప్రతివాడినీ షిబ్బోలెతు అనమన్నారు. ఎఫ్రాయిమువాళ్లకు ఆ మాట సరిగ్గా పలకదు. నోరు తిరగక సిబ్బోలెతు అన్నవాణ్ణి అక్కడికక్కడే చంపారు. 42,000 మంది. అన్యులు కారు, ఒకే దేవుణ్ణి ఆరాధించే అన్నదమ్ముల పిల్లలు.

ఈ అధ్యాయం దాటి వెళ్లిపోయే ముందు 11వ అధ్యాయం కూడా చూడాలి, మనం సాధారణంగా చూడని కోణం అక్కడుంది. ఇదే యెఫ్తా అమ్మోనీయుల రాజుకు దూతల్ని పంపాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. 300 ఏళ్ల చరిత్ర వివరించి, ఏ భూమి ఎవరి దగ్గర్నుంచి ఎలా వచ్చిందో వరసగా చెప్పి, నువ్వే ఆలోచించుకో అన్నాడు. అన్యుడైన శత్రురాజుతో అంత ఓపిక. సొంత గోత్రాలతో ఒక్క మాట, ఆ తర్వాత కత్తి. మనలో కూడా బయట ఆఫీసులో వేరే పార్టీవాడితో ఎంతో మర్యాదగా మాట్లాడి, ఇంటికొచ్చి తోడబుట్టినవాడితో అదే విషయం మీద పళ్లెం తోసేసి లేచిపోయేవాళ్లు ఉన్నారు. పరాయివాడు మనతో ఏకీభవించకపోతే సరేలే అనుకుంటాం. మనవాడు ఏకీభవించకపోతే ద్రోహం అనిపిస్తుంది. సంఘంలో రాజకీయ గొడవలు బయటికంటే ఎక్కువ కాలడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. ఒకే వాక్యం చదువుతున్నాం కదా, నీకు ఇంకోలా ఎలా అర్థమైంది అన్న కోపం అది.

గిద్యోనును మెచ్చుకుని కూర్చుంటే కూడా పొరపాటే. అదే 8వ అధ్యాయం కిందికి చదవండి. అలసిపోయిన తన మనుషులకు రొట్టెలు అడిగితే సుక్కోతువాళ్లు, పెనూయేలువాళ్లు ఇవ్వలేదు. తిరిగి వచ్చాక సుక్కోతు పెద్దలు 77 మంది పేర్లు రాయించుకుని ముళ్లకంపలతో శిక్షించాడు. పెనూయేలు గోపురం పడగొట్టి ఆ ఊరివాళ్లను చంపాడు. అంటే పెద్ద గోత్రానికి మృదువైన మాట, చిన్న ఊళ్లకు ముళ్లకంప. మృదువుగా మాట్లాడతాం అనుకునేవాళ్లం ఒకసారి లెక్క చూసుకోవాలి, మన మృదుత్వం ఎవరి దగ్గర కనిపిస్తోంది? బలమున్నవాడి దగ్గరేనా? అలాగైతే దాని పేరు కృప కాదు, భయం.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కృపతో మాట్లాడటం అనగానే మనం గొంతు గురించి ఆలోచిస్తాం. అరవకూడదు, తిట్టకూడదు, నవ్వుతూ చెప్పాలి. అవన్నీ మంచివే, కానీ వాక్యం అంతకంటే ముందు ఇంకొకటి అడుగుతోంది. పది ఆజ్ఞల్లో "నీ పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదు" అని ఉంది. నిర్గమకాండము 23వ అధ్యాయం మొదటి వచనంలో దాన్నే ఇంకాస్త విడమరిచి, "లేనివార్తను పుట్టింపకూడదు" అన్నాడు. రెండో వచనంలో "దుష్కార్యము జరిగించుటకై సమూహమును వెంబడించవద్దు" అన్నాడు. ఇవి గొంతు గురించిన ఆజ్ఞలు కావు. నవ్వుతూ, తగ్గు స్వరంతో, "బ్రదర్, ప్రార్థించండి" అని చివర కలిపి కూడా అబద్ధ సాక్ష్యం చెప్పొచ్చు. వాట్సాప్‌లో విశ్వాసుల గ్రూపుల్లో తిరిగే ఫార్వర్డ్‌లు అలాగే వస్తాయి కదా.

ఫలానా నాయకుడు ఫలానా మాట అన్నాడని వీడియో వస్తుంది. 20 సెకన్లు. అంతకుముందు ఏమన్నాడు, ఆ తర్వాత ఏమన్నాడు తెలియదు. అది మనకు ఇష్టం లేని నాయకుడిదైతే మన వేలు ఆగదు. మనకు ఇష్టమైన నాయకుడిదైతే మాత్రం, ఆగండి, పూర్తి వీడియో చూడకుండా ఎలా నమ్ముతారు అంటాం. రెండో సందర్భంలో మనం అన్నదే సరైన మాట. దాన్ని మొదటి సందర్భంలో కూడా అనగలిగితే తొమ్మిదో ఆజ్ఞను పాటించినట్టు. సామెతలు 18వ అధ్యాయం 17వ వచనం ఇదే చెబుతుంది. వ్యాజ్యెంలో మొదట మాట్లాడినవాడిదే న్యాయంగా కనబడుతుంది, ఎదుటివాడు వచ్చాక సంగతి తేటపడుతుంది. రెండోవాడు వచ్చేదాకా ఆగే ఓపిక మనకుందా అన్నదే ప్రశ్న.

పాత సంఘాలు ఈ ఆజ్ఞను చాలా గట్టిగా పట్టుకున్నాయి. 1529లో జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ ఇళ్లలో పిల్లలకు నేర్పడానికి ఒక చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. అందులో ఈ ఆజ్ఞకు అర్థం చెబుతూ, పొరుగువాడి మీద అబద్ధం చెప్పకపోవడం చాలదు, అతని పక్షాన మాట్లాడాలి, అతను చేసిన ప్రతిదాన్నీ వీలైనంత మంచి అర్థంలో తీసుకోవాలి అన్నాడు. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి 112వ ప్రశ్నకు జవాబులో, ఎవరి మాటనూ వంకర తిప్పకూడదు, ఎదుటివాడి వాదన వినకుండా తీర్పు చెప్పే పనిలో చేరకూడదు అని ఉంది. వేరే పార్టీవాడు వేరే పార్టీవాడు అయినంత మాత్రాన పొరుగువాడు కాకుండా పోడు.

లూథర్ పేరు ఎత్తాను కాబట్టి మిగతా సగం చెప్పకపోతే నేనే ఆజ్ఞ తప్పినవాణ్ణవుతాను. ప్రతిదాన్నీ మంచి అర్థంలో తీసుకోవాలని రాసిన అదే చేయి 1543లో యూదుల మీద ద్వేషంతో నిండిన పుస్తకం రాసింది. వాళ్ల సమాజమందిరాలు తగలబెట్టమని, ఇళ్లు కూలగొట్టమని సలహా ఇచ్చింది. 400 ఏళ్ల తర్వాత నాజీలు ఆ పుస్తకాన్ని వాడుకున్నారు. అమెరికాలోని ఇవాంజెలికల్ లూథరన్ సంఘం 1994లో ఆ మాటల్ని అధికారికంగా తిరస్కరించింది. ప్రశ్నోత్తరి కంఠతా వచ్చినంత మాత్రాన నోరు మారదు. రాసినవాడికే మారలేదు.

నేనైతే ఒక పరీక్ష పెట్టుకోమంటాను. మీరు వ్యతిరేకించే పార్టీకి ఓటు వేసిన ఒక విశ్వాసిని తలచుకోండి. అతడు ఎందుకు వేశాడో మీ నోటితో చెప్పండి. మీరు చెప్పింది విని అతడు, అవును, నేను అందుకే వేశాను అనాలి. డబ్బు తీసుకున్నాడు, బుద్ధి లేదు, భక్తి లేదు అని చెబితే పరీక్ష తప్పినట్టే. అతడి కారణం భూమి కావచ్చు, ఉద్యోగం కావచ్చు, భద్రత కావచ్చు, తన తల్లికి అందిన వైద్యం కావచ్చు. ఆ కారణం సరిపోదని ఆ తర్వాత మీరు వాదించండి, గంటసేపు వాదించండి. కాని మీరు కొట్టేది అతడి వాదనను అయి ఉండాలి, మీరు తయారుచేసిన బొమ్మను కాదు. కొలొస్సయుల పత్రిక వచనంలో మనం వదిలేసే ముక్క ఒకటుంది, "ప్రతి మనుష్యునికి ఏలాగు ప్రత్యుత్తరమియ్యవలెనో". ప్రతి మనుష్యునికి. పార్టీకి కాదు, గుంపుకు కాదు. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో తెలియకుండా అతడికి జవాబు ఎలా ఇస్తాం?

ఇక్కడ కొందరి మొహాల్లో ఒక ప్రశ్న కనిపిస్తోంది. అయ్యగారూ, ప్రభువు తిట్టలేదా? హేరోదును నక్క అనలేదా? మత్తయి 23 అంతా ఏమిటి? (నవ్వులు) న్యాయమైన ప్రశ్న. అన్నాడు. కాని ఎవరిని అన్నాడు, ఎక్కడ అన్నాడు, ఎందుకు అన్నాడు చూడండి. అధికారం ఉన్నవాళ్లను అన్నాడు. మత్తయి 23లో అయితే ఎదురుగా నిలబడి అన్నాడు. మోయలేని బరువులు కట్టి మనుష్యుల భుజాల మీద పెడుతున్నారు, మీరు వేలితోనైనా కదపరు అన్నది అక్కడి ఆరోపణ, అంటే నలిగినవాడి పక్షాన వచ్చిన కోపం. అదే అధ్యాయం చివర "యెరూషలేమా, యెరూషలేమా" అన్న ఏడుపు వినిపిస్తుంది. మన కోపంలో ఆ చివరి భాగం ఉందా? ఎదుటివాడు మారితే సంతోషిస్తామా, లేక తిట్టడానికి ఎవరూ మిగల్లేదని నిరుత్సాహపడతామా? సిలువ మీద "వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము" అన్నవాడి కోపం అది. ఆ ప్రార్థన చేయగలిగినవాడు హేరోదును నక్క అనొచ్చు.

ఇంకో సంగతి. మృదువుగా మాట్లాడండి అన్న సలహా ఎప్పుడూ దెబ్బ తిన్నవాడికే వెళుతుంది. కొట్టేవాడికి ఎవరూ చెప్పరు. 1963 ఏప్రిల్‌లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో సరిగ్గా ఇదే జరిగింది. నల్లజాతివారి హక్కుల కోసం బర్మింగ్‌హామ్‌లో ఊరేగింపులు జరుగుతుంటే 8 మంది తెల్లజాతి మతనాయకులు ప్రకటన ఇచ్చారు. ఇవి తొందరపాటు పనులు, సమయం కాదు, శాంతిగా ఉండండి అని. చదివితే మర్యాదైన భాషే. ఆ ఊరేగింపులు నడిపిస్తూ జైలుకెళ్లిన నల్లజాతి పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 16 తేదీతో వాళ్లకు జవాబు రాశాడు. ఆ లేఖ మొదట్లో, మీరు మంచి మనసున్నవాళ్లు, మీ విమర్శ నిజాయితీతో చేసిందే అని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఒక్క వాదనకూ తగ్గలేదు. ఆగండి అన్న మాటకు ఆగడమంటే మా పిల్లలకు ఏం జరుగుతోందో వివరించాడు. న్యాయం కంటే క్రమాన్ని ఎక్కువ ప్రేమించే తెల్లజాతి మితవాదులు తనను ఎంత నిరాశపరిచారో ముఖం మీదే రాశాడు.

ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే కృపాసహితమైన మాట ఏదో నాకైతే సందేహం లేదు. గొంతు తగ్గించి మాట్లాడిన 8 మంది, ఎదురుగా జరుగుతున్న అన్యాయం గురించి నిజం చెప్పలేదు. కింగ్ తనను వ్యతిరేకించినవాళ్ల మనసు గురించి కూడా నిజమే చెప్పాడు, వాళ్ల తప్పు గురించి కూడా నిజమే చెప్పాడు. కాబట్టి కుల వివక్షో జాతి వివక్షో ఇంకే అన్యాయమో అనుభవించి మాట్లాడుతున్న సహోదరుణ్ణి, నీ స్వరం బాగాలేదు బ్రదర్ అని ఆపకండి. ముందు అతడు చెప్పేది నిజమా కాదా చూడండి. స్వరం సంగతి తర్వాత.

శిష్యుల జాబితా మీద ఒక్క మాట. సుంకరియైన మత్తయి, జెలోతే అనబడిన సీమోను ఒకే పన్నెండుమందిలో ఉన్నారు. ఒకడు రోమా పాలన కింద పన్ను వసూలు చేసి బతికినవాడు. రెండోవాడి బిరుదును చాలామంది రోమా పాలనను వ్యతిరేకించినవాళ్ల పేరుగానే అర్థం చేసుకుంటారు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో సువార్తలు రాయలేదు కాబట్టి నేనూ కల్పించను. ప్రభువు మాత్రం ఇద్దర్నీ పిలిచాడు, ఇద్దరి పేర్లకూ ఆ గుర్తులు అలాగే ఉండనిచ్చాడు.

ఎన్నికల దగ్గరికి వస్తే, ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1774 అక్టోబరు 6న తన దినచర్యలో రాసుకున్న మాటలు నాకు చాలా ఇష్టం. ఓటు హక్కున్న తన సంఘస్థుల్ని కలిసి మూడు సంగతులు చెప్పాడు. డబ్బు గాని బహుమానం గాని తీసుకోకుండా, యోగ్యుడని మీకు తోచినవాడికి ఓటు వేయండి. మీరు ఎవరికి వ్యతిరేకంగా వేశారో అతని గురించి చెడు మాట్లాడకండి. అవతలివాడికి ఓటు వేసినవాళ్ల మీద మీ మనసు పదునెక్కకుండా చూసుకోండి. 250 ఏళ్లు దాటింది. మొదటిది ఇప్పుడు మన ప్రసంగాల్లో అప్పుడప్పుడు వినిపిస్తుంది. మిగతా రెండూ నేను ఏ వేదిక మీదా వినలేదు. మూడోదే కష్టం. నాయకుణ్ణి క్షమించడం తేలిక, అతడు మన ఎదురుగా కూర్చోడు. అతనికి ఓటేసినవాడు మన పక్క బెంచీలో కూర్చుని అదే పాట పాడుతుంటాడు.

చరిత్ర అక్కడితో చక్కగా ముగిసి ఉంటే బాగుండేది. మరుసటి ఏడాదే వెస్లీ అమెరికా వలసల గొడవ మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. శాంతంగా చెబుతున్నానని పేరులోనే పెట్టాడు, దేశమంతా గోల లేచింది. దానికి 1775లోనే జవాబు రాసిన ఆగస్టస్ టాప్‌లేడీ అనే సేవకుడు వెస్లీని ముసలి నక్క అని, తారు పూసి ఈకలు అంటించాలన్నట్టుగా పుస్తకానికి పేరే పెట్టాడు. ఈ టాప్‌లేడీ ఎవరో తెలుసా? "రాక్ ఆఫ్ ఏజెస్" కీర్తన రాసినవాడు. దాదాపు అదే కాలంలో, అదే చేత్తో. "ఒక్కనోటనుండియే ఆశీర్వచనమును శాపవచనమును బయలువెళ్లును; నా సహోదరులారా, యీలాగుండకూడదు" అని యాకోబు అన్నది గాలిలోకి కాదు. ఆ పాట పాడటం మానేయమనడం లేదు, నేనూ పాడతాను.

ప్రార్థన గురించి కూడా చెప్పాలి. రాజుల కొరకు, అధికారులందరి కొరకు ప్రార్థించమని 1 తిమోతి 2వ అధ్యాయంలో ఉంది. సంప్రదాయం ప్రకారం పౌలు ఆ పత్రిక రాసేనాటికి రోములో ఉన్నది క్రైస్తవుల్ని హింసించిన చక్రవర్తి నీరో. మన సంఘాల్లో ఎవరైనా లేచి దేశం కోసం ప్రార్థిస్తే, మూడో వాక్యానికల్లా అతడు ఏ పార్టీకి ఓటేశాడో అందరికీ తెలిసిపోతుంది. ప్రభువా, మా దుష్ట పాలకుల్ని మార్చు అంటాడు, లేదా ప్రభువా, నీవిచ్చిన మా గొప్ప నాయకుణ్ణి కాపాడు అంటాడు. కళ్లు మూసుకుని చేసే ప్రచారం అది. ఓటు వేయని నాయకుడి పేరు పలికి, అతని ఆరోగ్యం కోసం, అతనికి జ్ఞానం కోసం, అతని చేతి కింద పేదవాడికి న్యాయం కోసం అడగండి. ఓటు వేసిన నాయకుడి గురించి అతని తప్పుల్ని కూడా దేవుని ముందు ఒప్పుకోండి. నాతాను ప్రవక్త, తప్పు చేసిన దావీదు రాజు దగ్గరికి వెళ్లినప్పుడు ప్రతిపక్షంవాడిగా వెళ్లలేదు, దావీదు మేలు కోరినవాడే. అయినా "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. మన పార్టీ తప్పును మనం చెబితే అవతలివాడు మన మిగతా మాటలు కూడా వింటాడు. మనం చెప్పకపోతే వాడు చెబుతాడు, అప్పుడు మనం వినం.

చీటీలు చాలా వచ్చాయి. విరామానికి ముందు ఒక్కటి చదువుతాను. "మా కాపరిగారు ఎవరికి ఓటు వేయాలో ప్రసంగంలోనే చెబుతున్నారు. నేను వేరే పార్టీవాణ్ణి. సంఘం మారాలా?" అని రాశారు.

వెంటనే మారకండి. గ్రూపులో కూడా పెట్టకండి. మత్తయి 18వ అధ్యాయం 15వ వచనం ప్రకారం ముందు ఆయన దగ్గరికి ఒంటరిగా వెళ్లండి. ఆయన వాదన ఏమిటో ఆయన ముందే చెప్పి, సరిగ్గా అర్థం చేసుకున్నానా అని అడగండి. అన్యాయాన్ని వాక్యం ఖండించినట్టు ఖండించండి అయ్యగారూ, ఏ పార్టీ చేసినా ఖండించండి, మేము వింటాం అనండి. కాని ఫలానా గుర్తుకు వేయడమే దేవుని చిత్తం అన్నప్పుడు, దానికి వేయనివాడు ప్రభువు బల్ల దగ్గరికి ఏ మొహంతో రావాలి అని అడగండి. ఆయన ఆలోచిస్తానంటే సమయం ఇవ్వండి. కోప్పడితే ఇద్దరు ముగ్గురు పెద్దల్ని తీసుకుని మళ్లీ వెళ్లండి, వాళ్లలో ఒకరు ఆయన పార్టీకి ఓటేసినవాళ్లై ఉండేలా చూసుకోండి. మిగతా చీటీలు విరామం తర్వాత చూద్దాం.